ఏడో మందు

ఒడంబడిక తర్వాత 3వ రోజు

వచ్చాను. ఆసుపత్రి మూడో అంతస్తులో గది ఇచ్చారు. మంచం, బల్ల, గోడకు ఒక మేకు. కిటికీ తెరిస్తే కింద బట్టలుతికే చోటు. తెల్ల దుప్పట్లు ఆరేసి ఉన్నాయి.

పెద్ద నర్సమ్మ తాళంచెవి ఇస్తూ నన్ను ఎగాదిగా చూసింది. "మీరు ఏటి ఎల్ఫులా, గుట్ట ఎల్ఫులా? నాకు అందరూ ఒకలాగే కనిపిస్తారమ్మా, ఏమీ అనుకోకండి."

మనుషులతో ఇదే గొడవ. చెవులు కొనదేలి ఉంటే చాలు, అందర్నీ ఒకే గాటన కట్టేస్తారు. తొంభై ఏళ్లుగా మేం ఒకరినొకరు చంపుకుంటున్నది మరి ఏ తేడా చూసుకునో.

"ఏటి," అన్నాను.

"అయితే ఆ విషం కాచేది మీరే."

"బాణాలకు పూసే మందు," అని సరిదిద్దాను. ఆమె దుప్పటి మడత సరిచేసి వెళ్లిపోయింది.

అన్నయ్య బస్సెక్కించే ముందు మళ్లీ అడిగాడు, "ఆరు. గుర్తుంది కదా?" గుర్తుంది. ఈ ఆసుపత్రి వార్డులో నలభై మంది గుట్టవాళ్లు పడి ఉన్నారు. అందరూ మా బాణాలు తగిలినవాళ్లే. ఒక్కో మందుకు విరుగుడు నేను ఇక్కడ కాచి చూపించాలి. ఈ ఊరు మనుషులది కాబట్టి ఎవరూ ఎవర్నీ చంపకూడదు. నలభయ్యో రోజున గుట్టవాళ్లు తమ చెరలో ఉన్న మా రెండువందల మందిని వదులుతారు. వాళ్లలో తమ్ముడున్నాడు. పదకొండేళ్లయింది వాణ్ణి చూసి.

ఒడంబడికలో ఆరు మందులనే రాశాం. ఇక్కడ కూడా అంతే రాస్తాను.

4వ రోజు

గుట్టవాళ్ల డాక్టరు వచ్చాడు. లోపలికి వస్తూ తల వంచాడు. మర్యాద తెలిసినవాడే అనుకున్నాను. కాదు, తలుపు పొట్టిది.

"సంచీ తియ్యండి, చూడాలి," అన్నాడు.

"ముందు మీది తియ్యండి, నేనూ చూడాలి."

తన సంచీ బల్ల మీద బోర్లించాడు. దారపు ఉండ, సూదులు, సగం కొరికిన రొట్టె. ఇక నాదీ బోర్లించక తప్పలేదు. వేళ్లు, బెరడు ముక్కలు, వాటి మధ్య చిరిగిన మేజోళ్లు రెండు జతలు. వాటినే చాలాసేపు చూశాడు, పాపిష్టివాడు.

5వ రోజు

మూడుసార్లు గొడవైంది. రెండుసార్లు నేనే నెగ్గాను.

7వ రోజు

కళ్లమందుకు విరుగుడు పనిచేసింది. తొమ్మిదేళ్లుగా చూపు లేని ఒక ముసలి సిపాయి మధ్యాహ్నానికల్లా కళ్లు తెరిచాడు. అతను మొట్టమొదట చూసింది నన్ను. చూసి ఉమ్మేశాడు.

డాక్టరు గుడ్డ తెచ్చి తనే నేల తుడిచాడు. "ఉమ్మాలంటే గిన్నె ఉంది. నేల తుడిచేది నేను," అన్నాడు సిపాయితో. నన్ను వెనకేసుకొచ్చాడని కాదు. నేల గురించే అన్నాడు.

9వ రోజు

ఈరోజు వార్డు చివరిదాకా వెళ్లాను. ఆఖరి మంచం కిటికీ పక్కన ఉంది. ఒకావిడ పడుకుని ఉంది. ఆవిడ కాళ్ల దగ్గర రెండు వేడినీళ్ల సంచులున్నాయి. పొయ్యి మీద ఏదో మరిచిపోయానన్నట్టు బయటికి వచ్చేశాను. పొయ్యి మీద ఏమీ లేదు.

మెట్ల దగ్గర డాక్టరు ఎదురొచ్చాడు. "ఆఖరి మంచం చూశారా? మా అక్క. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. ఆవిడకు ఏ మందు తగిలిందో తేల్చండి ముందు."

వరసలో వద్దాం అన్నాను.

12వ రోజు

అయిదో మందు గురించి చెబుతున్నాను. రాసుకుంటున్న డాక్టరు ఆగిపోయాడు.

"ఇది కాచింది ఎవరు?"

"మా నాన్న మొదలుపెట్టాడు. ఇప్పుడు వాడేది నాదే."

"నాతో చదువుకున్నవాడు ఒకడు దీంతోనే పోయాడు. మూడు రోజులు పట్టింది."

"మా అమ్మ మీవాళ్లు పడవలకు పెట్టిన మంటల్లో పోయింది. దానికి మూడు రోజులు పట్టలేదు."

కలం బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. నేను కలపడం ఆపలేదు. ఆపితే మాడుతుంది.

13వ రోజు

రాలేదు.

14వ రోజు

రాలేదు. నాకేం, హాయిగా ఉంది. అడ్డొచ్చేవాడు లేకపోతే పని చకచకా సాగుతుంది. రెండు గిన్నెలు మాడబెట్టాను.

15వ రోజు

పొద్దున నేను వెళ్లేసరికి మాడిన గిన్నెలు రెండూ తోమి బోర్లించి ఉన్నాయి. చేతులు మసి చేసుకుని కూర్చున్నాడు.

"మీ అమ్మగారు ఏం చేసేవారు?"

"వలలు అల్లేది."

తలూపాడు. కలం తీసుకున్నాడు. అయిదో మందు సగంలో ఆగిన చోటినుంచి మొదలుపెట్టాం.

16వ రోజు

వాళ్లక్క కబురు పెట్టింది. నర్సు వచ్చి చెప్పాక వెళ్లకుండా ఉండటానికి ఒక్క వంకా దొరకలేదు.

"నువ్వేనా మందుల పిల్లవి?"

"అవునండీ."

"అండీలు నాకొద్దు. నా మీద బాణం వేసినప్పుడు మీవాళ్లు అండీ అన్నారా? అక్కా అను. ఈ తల కాస్త దువ్వి పెట్టు. నర్సులు మనుషులు కదా, మన చెవుల దగ్గర దువ్వెన తిప్పడం వాళ్లకు చేతకాదు, పీకేస్తారు."

మన చెవులు అంది.

చిక్కు తీయడానికి గంట పట్టింది. ఆవిడ నలభై ఏళ్లు విల్లు పట్టింది. కుడిచేతి మూడు వేళ్ల మీద వింటినారి రాసుకుని కాయలు కాశాయి. దుప్పటి తీసి తన కాళ్లు చూపించింది. పాదాల నుంచి పైకి సిరా గీతలు, ఒక్కో గీత పక్కన తేదీ. చలి ఎక్కడిదాకా పాకిందో తమ్ముడు నెలనెలా గీస్తున్నాడట. ఆరేళ్ల గీతలు. ఆఖరిది నడుం దగ్గర ఉంది.

"నేను మీవాళ్లని నలభై రెండు మందిని కొట్టాను. నువ్వెంతమందిని?" అంది.

"తెలియదు."

"తెలియదా! నేను ఒక్కొక్కడి మొహం చూసి కొట్టాను. నువ్వు గరిటె తిప్పుతూ కూర్చున్నావు. అదే మనకు తేడా."

కోపంగా అనలేదు. జడ అల్లడం పూర్తి చేసి వచ్చాను.

18వ రోజు

సీసాలకోసం బజారుకి వెళ్లాం. నర్సమ్మ మమ్మల్నిద్దర్నీ కలిపి పంపింది. నేనొక్కదాన్ని వెళితే డాక్టరు ఒప్పుకోడు, అతనొక్కడే వెళితే సరైన సీసాలు తేడు.

బస్సులో ఒక్క సీటే ఖాళీగా ఉంది. కండక్టరు, "సర్దుకుని కూర్చోండమ్మా, మీ ఆయనే కదా," అన్నాడు.

"కాదు!" అన్నాం ఇద్దరం ఒకేసారి. బస్సంతా తిరిగి చూసింది. ఒక ముసలాయన పక్కవాడితో, "కొత్తగా పెళ్లయినట్టుంది, అలకల్లో ఉన్నారు," అన్నాడు.

డాక్టరు నవ్వాడు. ముందు ముక్కులోంచి వచ్చింది, ఆపుకోబోయాడు, ఆగలేదు. నాకు ఒళ్లు మండింది. అరగంట పక్కపక్కనే కూర్చున్నాం. నేను కిటికీలోంచి చూశాను. ఏం చూశానో గుర్తులేదు.

20వ రోజు

ఆరో విరుగుడు కూడా అయిపోయింది. నలభై మందిలో ముప్పై తొమ్మిది మందికి ఇక గండం గడిచినట్టే.

"ఈ ఆరూ మా అక్కకు సరిపోలేదు," అన్నాడు.

"చూశాను."

"ఏడోది ఉందా?"

"లేదు."

"నా కళ్లలోకి చూసి చెప్పండి."

చూశాను. "మాకున్నవి ఆరే. మీ అక్కగారిది వాతం అయుండొచ్చు," అన్నాను.

నమ్మాడు. ఈ ఇరవై రోజుల్లో నేనేది చెప్పినా మూడుసార్లు పరీక్షించి గానీ ఒప్పుకోనివాడు, ఇది ఒక్కసారికే నమ్మేశాడు. "వాతమైతే కాపడం పెంచాలి. రోజుకు నాలుగుసార్లు వేడి పెడతాను," అంటూ వెళ్లాడు.

ఈరోజుకు చాలు.

23వ రోజు

కషాయం పొంగుతుంటే గుడ్డ లేకుండా గిన్నె పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో! ధ్యాస ఎక్కడో ఉంది. అతను నా చెయ్యి లాగి నీళ్ల తొట్టిలో ముంచాడు.

"బుద్ధుందా నీకు!"

"మీకు అనాలి," అన్నాను. నొప్పికి కళ్లవెంట నీళ్లు కారుతున్నా ఆ ఒక్కటి వదల్లేదు.

"బుద్ధుందా మీకు," అన్నాడు చెయ్యి వదలకుండా. "నూరేళ్లు పొయ్యి ముందు కూర్చున్నదానివి, గిన్నె కాలుతుందని తెలియదా?" మళ్లీ నువ్వులోకే వచ్చాడు.

నీళ్లు గోరువెచ్చబడేదాకా అలాగే ఉన్నాం. తర్వాతది రాయను. అరచెయ్యి ఇంకా మండుతోంది. కట్టు బాగా కట్టాడు.

24వ రోజు

సంతోషంగా ఉన్నానని రాయడానికి సిగ్గేస్తోంది. నాకు నూట నలభై ఏళ్లు. సరే, మా లెక్కలో పెళ్లీడేననుకో.

25వ రోజు

"యుద్ధం మళ్లీ రాకపోతే ఈ ఊళ్లోనే ఉండిపోదాం. ఇక్కడైతే నిన్నూ నన్నూ ఎవరూ వేరు చేసి చూడరు," అన్నాడు.

"మనిద్దరం ఒక ఇంట్లో ఉంటే రోజుకో గిన్నె పగులుతుంది."

"ఇనపవి కొందాం."

వాళ్లక్క మంచం దగ్గర కొత్త గీత చూశాను. నెల కాకముందే గీశాడు. నడుం దాటి మూడు వేళ్లు పైకి వచ్చింది.

27వ రోజు

రాస్తాను. ఇది చూసేవాళ్లు ఎవరూ లేరు.

ఏడోది ఉంది. నాన్నది కాదు, నాది. దాని పేరు చలి. పాదంలో మొదలై పైకి పాకుతుంది. మామూలుగా ఏడాదికి జానెడు. వేడి తగిలితే వేగం పెరుగుతుంది. అది పొరపాటున కుదిరింది కాదు, కావాలనే అలా చేశాను. ఒళ్లు చల్లబడుతున్నవాడు చలేస్తోందంటాడు. అయినవాళ్లు ఊరుకోరు కదా, దుప్పట్లు కప్పుతారు, కుంపటి పెడతారు. ఎంత ప్రేమగా చూసుకుంటే అంత త్వరగా గుండెకు చేరుతుంది. పని సగం శత్రువు ఇంటివాళ్ల చేతే చేయించే మందు. అప్పట్లో నాన్న నా వీపు తట్టాడు.

అతను రోజుకు నాలుగుసార్లు వేడి పెడుతున్నాడు. నేనే పెట్టించాను.

చెబితే? మేం ఒకటి దాచామని తేలుతుంది. ఒడంబడిక పోతుంది. రెండువందల మంది చెరలోనే ఉండిపోతారు. తమ్ముడు కూడా.

ఇంకా పదమూడు రోజులు. ఆవిడది గట్టి ప్రాణం. పదమూడు రోజులు ఏముంది.

29వ రోజు

అతను భోజనానికి వెళ్లినప్పుడల్లా వేడినీళ్ల సంచులు ఖాళీ చేసి చన్నీళ్లు పోస్తున్నాను. అతను వచ్చి తాకి చూసి, చల్లారాయనుకుని మళ్లీ వేడివి పెడుతున్నాడు. నేను మళ్లీ తీస్తున్నాను. ఇద్దరం రోజంతా ఇదే పని.

30వ రోజు

పెద్ద నర్సమ్మ చూసింది. "ఛీ! లేవలేని మనిషి దగ్గర వేడినీళ్లు తీసేస్తావా? నువ్వు నిజంగా విషమే," అంది. అతనికి చెప్పొద్దని నేను బతిమాలలేదు. మరి ఎందుకో ఆమే చెప్పలేదు.

31వ రోజు

అన్నయ్య వచ్చాడు. కింద బెంచీ మీద కూర్చున్నాం.

"ఆ ఆఖరి మంచం విషయం నాకు తెలిసింది. నోరు జారావా, తమ్ముడు అక్కడే చస్తాడు," అన్నాడు.

"జారను."

"ఆ డాక్టరుతో బస్సులో తిరుగుతున్నావట."

"సీసాలకు వెళ్లాం."

"సీసాలకు," అన్నాడు. అన్నయ్య నవ్వితే నాన్నలా ఉంటాడు. ఎప్పుడూ ఇష్టంగా ఉండేది ఆ నవ్వు.

34వ రోజు

తల దువ్వుతుంటే వాళ్లక్క నా చెయ్యి పట్టుకుంది.

"వేడి తీసేస్తున్నది నువ్వే కదా."

దువ్వెన మంచం మీద పెట్టాను.

"సంచులు చల్లబడ్డప్పుడు నాకు తెరిపిగా ఉంటోంది. వేడివి పెట్టగానే పైకి పాకుతోంది. నా ఒళ్లు నాకు తెలియదా పిల్లా? ఇది మీ మందే. నీకు తెలుసు. వాడికి చెప్పడం లేదంటే నీకు ఏదో అడ్డముంది. మా చెరలో ఎవరున్నారు నీకు?"

"తమ్ముడు."

కిటికీ వైపు తిరిగింది.

"చిన్నవాడా?"

"మీ తమ్ముడి ఈడే."

"ఎన్నాళ్లు కావాలి నీకు?"

"ఆరు రోజులు."

"ఆగుతాలే," అంది. ఏదో కిటికీ తలుపు వెయ్యమన్నప్పుడు చెప్పినట్టు చెప్పింది. "వాడికి చెప్పకు. చెబితే వాడు ఒక్క రోజు కూడా ఆగడు. నేనే వేడి వద్దంటాను, కాలుతోందని గోల చేస్తాను. జడ గట్టిగా అల్లు."

మా బాణం తగిలిన మనిషి. మావాళ్లని నలభై రెండు మందిని కొట్టిన మనిషి. నా తమ్ముడికోసం ఆరు రోజులు ఆగుతానంది.

35వ రోజు

ఆవిడ వేడి వద్దంటోంది. అతను వినడం లేదు. "అక్కా, నీకు తెలియదు, ఊరుకో," అంటున్నాడు. మొండివాడు. ఆ మొండితనం చూసే కదా నేను.

37వ రోజు

గీత పక్కటెముకల దగ్గరుంది.

నిన్న అతను నా ఒళ్లో తలపెట్టి ఏడ్చాడు. "నేనేదో తప్పు చేస్తున్నాను, ఏం చేస్తున్నానో తెలియడం లేదు," అన్నాడు. నేను అతని జుట్టు నిమిరాను. ఈ చేత్తోనే.

40వ రోజు

వదల్లేదు. దారిలో వంతెన కొట్టుకుపోయిందట, రెండు రోజులు ఆలస్యమట. కబురు తెచ్చినవాడు అరటిపండు తింటూ చెప్పాడు.

ఆవిడకు చెప్పాను. "రెండేనా?" అంది. కుడి భుజం చల్లగా ఉంది.

41వ రోజు

ఇప్పుడే వెళ్లి చెప్పేద్దామని రెండుసార్లు మెట్లు దిగాను. రెండుసార్లూ ఎక్కాను.

42వ రోజు

పొద్దున పదింటికి కబురు. రెండువందల మందీ ఏరు దాటారు. జాబితాలో తమ్ముడి పేరు నేనే చదివాను, వేలు పెట్టి, ఒక్కో అక్షరం.

పని గదికి వెళ్లాను. అతను రాసుకుంటున్నాడు.

"ఏడోది ఉంది."

"ఏమన్నావు?"

"ఏడోది ఉంది. మీ అక్కది అదే. వేడితో పెరుగుతుంది. ముందు వెళ్లి ఆ వేడి ఆపించు, తర్వాత నన్ను ఏమైనా అను."

కుర్చీ పడిపోయింది. పరుగెత్తాడు. తిరిగొచ్చేసరికి చొక్కా ముందంతా తడి. సంచులు తన ఒంటి మీదే ఒంపుకున్నాడేమో.

"విరుగుడు ఎంతసేపు కాచాలి?"

"రెండు పగళ్లు."

"ఏమేం కావాలి?"

చెప్పాను. కొలతలు అడిగాడు, చెప్పాను. ఎప్పుడు దించాలో అడిగాడు, చెప్పాను. అంతకు మించి ఒక్క మాట అడగలేదు. వేళ్లు నేను తరిగాను, బెరడు అతను దంచాడు. ఇద్దరి చేతులూ ఒక్కసారి కూడా తగల్లేదు. అంత చిన్న బల్ల మీద అది అంత తేలిక కాదు.

44వ రోజు

పట్టించాం.

45వ రోజు

"బొటనవేలు నాదేనన్నట్టు ఉందిరా," అంది ఆవిడ. అతను మంచం పక్కన మోకాళ్ల మీద కూలబడ్డాడు. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

47వ రోజు

చలి దిగిపోయింది. కాళ్లు, నడుం, రొమ్ము, అన్నీ వెచ్చబడ్డాయి. కుడిచేతి మూడు వేళ్లు మాత్రం రాలేదు. ఆ ఆఖరి రెండు రోజుల్లో పోయినవి అవి. నేను మెట్లెక్కుతూ దిగుతూ ఉన్న రోజుల్లో. ఇక రావు.

ఆవిడ ఆ వేళ్లు ఎడమచేత్తో ఎత్తి చూసుకుంది. "ఇక విల్లు పట్టలేను. మీవాళ్లకు లాభమేగా," అని నవ్వింది. నా మొహం చూసి ఆపేసింది.

48వ రోజు

నడవలో పట్టుకున్నాను అతన్ని. పట్టుకోకపోతే ఎప్పటికీ మాట్లాడేవాడు కాదు.

"ఎప్పటినుంచి తెలుసు మీకు?" అన్నాడు. మీకు.

"వచ్చిన వారానికే."

"వాతం అన్నారు. నేను ఇరవై రెండు రోజులు పెట్టాను ఆ వేడి. అక్క వద్దంటున్నా పెట్టాను."

"తీసేసేదాన్ని..."

"నేను మళ్లీ పెట్టేవాణ్ణి."

"లోపల నా తమ్ముడున్నాడు!" అని అరిచాను. అటు వెళ్తున్న నర్సు గోడకు అంటుకుపోయింది.

"తెలుసు. అక్క చెప్పింది." గొంతు తగ్గించాడు. "మీ చోట నేనున్నా అదే చేసేవాణ్ణి. మా అక్కకోసం మీ తమ్ముణ్ణి చావనిచ్చేవాణ్ణి, మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని నవ్వించేవాణ్ణి. అందులో నాకు అనుమానమే లేదు. అందుకే మీ మొహం చూస్తే నాదే కనిపిస్తోంది. చూడలేను."

తిట్టి ఉంటే బాగుండేది. తిడితే తిరిగి తిట్టేదాన్ని. మాకు చేతనైన పని అదే.

53వ రోజు

తమ్ముడు వచ్చాడు. బుగ్గలు పీక్కుపోయి, వెంట్రుకలు సగం నెరిసి. నేను ఏడుస్తూ వాటేసుకున్నాను. వాడు చేతులు కిందికి వేలాడేసి నిలబడ్డాడు.

"అక్కా, ఏడోదానికి విరుగుడు ఇచ్చేశావటగా."

"నువ్వు బయటపడ్డాకే ఇచ్చాను రా."

"మనకంటూ మిగిలింది అదొక్కటే. దానికోసం పదకొండేళ్లు గోళ్లు పీకించుకున్నాను. అడిగినప్పుడల్లా ఆరేనని చెప్పాను." చేతులు ఎత్తి చూపించాడు. "నువ్వు నలభై రోజులు తిన్నగా ఉండలేకపోయావు."

రొట్టె, పాలు బల్ల మీద పెట్టాను. ముట్టకుండా వెళ్లిపోయాడు. వాడికి తెలుసన్న సంగతే నాకు తెలియదు. వాడూ దాచాడన్న సంగతి.

60వ రోజు

గుట్టవాళ్లు అందరూ బయల్దేరారు. వార్డంతా ఖాళీ మంచాలు. వాళ్లక్క కర్ర పట్టుకుని నా గది దాకా మూడంతస్తులు ఎక్కి వచ్చింది.

"వాడు మొండివాడు. నువ్వు అంతకంటే మొండి. ఇద్దర్లో ఒకరైనా మెత్తనివాళ్లయి ఉంటే ఏదో ఒకటి జరిగేది," అంది.

"కింద ఉన్నాడా?"

"బస్సులో కూర్చున్నాడు. చూడాలనుంటే కిటికీలోంచి చూడు."

"నా కిటికీ వెనక వైపుకి," అన్నాను.

71వ రోజు

అన్నయ్య మళ్లీ వచ్చాడు. కోప్పడలేదు. పక్కన కూర్చుని చాలా నెమ్మదిగా మాట్లాడాడు. ఎనిమిదోది కావాలట. జరిగిందంతా మరిచిపోతారట, తమ్ముడు కూడా. నాకు పాత ఇల్లు, పాత పొయ్యి ఇప్పిస్తాడట.

"కాయను."

"అయితే ఇంకెవరో కాస్తారు."

"కాయనీ. వాటి విరుగుడు నేను ఇక్కడ కాస్తాను. ఎవరు వచ్చి అడిగినా ఇస్తాను. మీవాళ్లకైనా, వాళ్లకైనా."

"మీవాళ్లు అంటున్నావు," అన్నాడు.

అన్నానా! అన్నాను. అన్నయ్య లేచి చొక్కా దులుపుకున్నాడు. "ఇంటికి వెళ్లి చెల్లెలు పోయిందని చెబుతాను. వాళ్లకు అర్థమయ్యేది అదే," అన్నాడు. గేటు దాకా వెనకే వెళ్లాను. వెనక్కి తిరిగి చూస్తాడేమో అనుకున్నాను.

72వ రోజు

నర్సమ్మను పని అడిగాను. "మందుల గదిలో ఉండండి. మీరు ఏ ఎల్ఫో నాకు ఇప్పటికీ గుర్తుండదు గానీ, గిన్నెలు మాత్రం శుభ్రంగా ఉంచుతారు," అంది. విషం అన్న మాట ఆమెకు గుర్తుందో లేదో.

164వ రోజు

మూడు నెలలైంది ఇది తెరిచి. యుద్ధం మొదలై అయిదు వారాలు. ఒడంబడిక తర్వాత ఇన్నోరోజు అని రాయడంలో ఇక అర్థం లేదు. చేతికి అలవాటైపోయింది, అంతే.

ఈరోజు మధ్యాహ్నం ఒకామెను బండిలో తెచ్చి దించారు. గుట్ట సిపాయి, నడివయసు, పళ్లు బిగబట్టుకుని ఉంది. ఎడమ కాలు మోకాలి దాకా నల్లబడింది. వాసన చూశాను. కొత్త మందు. అన్నయ్య ఎవర్నో వెతికి పట్టుకున్నాడు. చెయ్యి ఇంకా కుదురుకోలేదు వాడికి, ఉప్పు ఎక్కువ వేశాడు.

ఆమె చొక్కాలోంచి చీటీ తీసి ఇచ్చింది. నలభై రోజులు నా ఎదురుగా కూర్చుని రాసిన చేతిరాత.

"రోగి స్త్రీ. ఎడమ కాలు, చీలమండ నుంచి మోకాలి వరకు నలుపు. మందు తెలియదు. పరిశీలించగలరు."

అంతే. కింద సంతకం కూడా లేదు.

"ఇచ్చినాయన ఇంకేమైనా అన్నాడా?" అని అడిగాను. గొంతు మామూలుగానే వచ్చింది.

"అక్కడ ఏటి ఆవిడ ఉంటుంది, ఆవిడ దగ్గరికే వెళ్లు అన్నారు."

"ఇంకా?"

"ఆవిడ ఏమిస్తే అది తాగు, ఏమిటని అడక్కు అన్నారు. శత్రువు చేతి మందు ఎలా తాగేదని నేను అరిచాను కూడా. నీకంటే నాకు బాగా తెలుసు, తాగు అన్నారు."

"ఇంకా?"

"ఇంకేముంటుంది? వెనకాల పాతికమంది పడి ఉంటే. అమ్మా, కాలు పోతోంది, త్వరగా కానివ్వు."

చీటీ తిప్పి చూశాను. వెనక వైపు ఖాళీ. వెలుతురులో పెట్టి మళ్లీ చూశాను. తర్వాత పొయ్యి వెలిగించాను.